లక్షకు మూడు: సూర్యగ్రహణం చూసే ముందు తెలియాల్సిన లెక్క

సూర్యగ్రహణం వస్తోందంటే జనం రెండు రకాలుగా విడిపోతారు. కొందరు కళ్లు పోతాయన్న భయంతో తలుపులు, కిటికీలు మూసుకుని పిల్లల్ని కూడా బయటికి రానివ్వరు. ఇంకొందరు "ఒక్క క్షణం చూస్తే ఏమవుతుందిలే" అని నేరుగా తల పైకెత్తేస్తారు. రెండూ తప్పే. గ్రహణం రోజు సూర్యుడి నుంచి కొత్తగా విషకిరణాలేమీ రావు, మామూలు రోజు వచ్చే వెలుగే వస్తుంది, అది కూడా తక్కువగా వస్తుంది. మరి ప్రమాదం ఎక్కడుందంటే, మామూలు రోజు సూర్యుడి వంక ఎవరూ చూడరు, గ్రహణం రోజు అందరూ చూస్తారు. తేడా అంతే. కానీ ఆ తేడా చాలు చూపు పోవడానికి.

మామూలు రోజు చూపు పొరపాటున సూర్యుడి మీద పడితే పావు సెకనులో రెప్ప మూసుకుంటుంది, తల దానంతటదే పక్కకు తిరుగుతుంది. ఇది మనం ఆలోచించకుండానే శరీరం చేసే పని. గ్రహణంలో సూర్యుడు 80, 90 శాతం మూసుకుపోయాక ఈ రక్షణ సడలిపోతుంది. చుట్టూ వెలుగు తగ్గుతుంది, కళ్లు చికిలించాలనిపించదు, ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుని ఉండే కనుపాప మెల్లగా విచ్చుకుంటుంది, "ఇప్పుడు చూడొచ్చు" అని మనసు కూడా చెబుతుంది. కానీ మిగిలిన ఆ సన్నటి నెలవంకలో ప్రతి చుక్కా నిండు సూర్యుడంత తీవ్రంగానే మండుతూ ఉంటుంది. చంద్రుడు సూర్యుడిలో కొంత భాగాన్ని దాచాడు తప్ప, దాచని భాగాన్ని మసకబరచలేదు. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే తెలిసిపోతాయి.

కంటి లోపల ఏం జరుగుతుంది

కంటిలోని కటకం సూర్యుడి బొమ్మను రెటీనా (కంటి వెనక వైపు ఉండే, వెలుగును పసిగట్టే పొర) మీద సుమారు 0.15 మిల్లీమీటర్ల చుక్కగా పడేస్తుంది. చుక్క చిన్నదే, కానీ మనం దేని వంక నేరుగా చూస్తే దాని బొమ్మ రెటీనా నడిమధ్యన పడుతుంది. అక్షరాలు చదవడానికి, మనిషి ముఖం గుర్తుపట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి పనికొచ్చే భాగం అదే. అంటే దెబ్బ తగిలేది ఏదో ఒక మూల కాదు, చూపుకి కీలకమైన చోటే.

చాలామంది దీన్ని భూతద్దంతో కాగితం కాల్చినట్టు ఊహించుకుంటారు. వేడికి కూడా కొంత పాత్ర ఉంది, బైనాక్యులర్ లాంటివి మధ్యలోకి వస్తే చాలా ఉంది. కానీ ఉత్త కళ్లతో చూసినప్పుడు ఎక్కువ నష్టం చేసేది రసాయన చర్య. నీలి వెలుగు, దాని పక్కనే ఉండే అతినీలలోహిత కిరణాలు వెలుగును పసిగట్టే కణాల్లో వరసగా చర్యలు పుట్టిస్తాయి, ఆ చర్యలే కణాలను దెబ్బతీస్తాయి. ఇది తెలిస్తే మూడు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, నొప్పి ఉండదు, ఎందుకంటే రెటీనాకు నొప్పి తెలిపే నరాలు లేవు. రెండోది, అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు మర్నాడు పొద్దున లేచాకే చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. మూడోది, చూసిన సెకన్లన్నీ కలుస్తాయి. ఐదు సెకన్లు చూసి, కాసేపాగి మళ్లీ ఐదు సెకన్లు, ఇలా పదిసార్లు చూస్తే ఆ మధ్యాహ్నానికి కంటికి అందిన మోతాదు యాభై సెకన్లది. "ఆపి ఆపి చూశాను కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో కనిపించింది పాక్షికమే, సూర్యుడిలో సుమారు 70 శాతం మూసుకుంది. అక్కడ ఒక యువతి రక్షణ లేకుండా కొన్ని సెకన్ల చొప్పున పలుమార్లు చూసింది. తర్వాత ఆమె చూపు మధ్యలో నల్లటి మచ్చ ఏర్పడింది. డాక్టర్లు రెటీనాను కణాల స్థాయిలో ఫొటో తీస్తే అక్కడ దెబ్బతిన్న చోటు కూడా నెలవంక ఆకారంలోనే ఉంది. ఆకాశంలో ఆమె చూసిన ఆకారమే కంటి లోపల అచ్చు పడిపోయింది.

ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి వారాల్లోనో నెలల్లోనో చూపు కొంత తిరిగి వస్తుంది. కొందరికి రాదు. నయం చేస్తుందని రుజువైన మందు ఏదీ లేదు. అందుకే ఏం చేసినా ముందే చేసుకోవాలి.

లక్షకు మూడు పాళ్లు

సూర్యుడిని నేరుగా చూడటానికి వాడే ఫిల్టర్లకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, పేరు ఐఎస్ఓ 12312-2, 2015లో వచ్చింది. దాని ప్రకారం కంటికి కనిపించే వెలుగులో 0.0032 శాతానికి మించి ఫిల్టర్ లోపలికి వదలకూడదు. సులువుగా చెప్పాలంటే, లక్ష పాళ్ల వెలుగు వచ్చి తగిలితే కంటి దాకా వెళ్లేది మూడు పాళ్లు మాత్రమే ఉండాలి. అతినీలలోహిత కిరణాలకూ పరారుణ కిరణాలకూ విడిగా హద్దులున్నాయి. లక్షకు మూడు అన్న ఈ కొలబద్దను మనసులో పెట్టుకుంటే ఎవరో చెప్పిన చిట్కా పనికొస్తుందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు.

కూలింగ్ గ్లాసెస్ తీసుకోండి. మామూలుగా ఎండలో పెట్టుకునే ముదురు రకాలు 8 నుంచి 18 శాతం వెలుగును వదులుతాయి, అంటే లక్షకు ఎనిమిది వేల నుంచి పద్దెనిమిది వేలు. మంచు కొండల మీద వాడే అతి ముదురు రకం కూడా లక్షకు మూడు వేల కంటే కిందికి పోదు. ఉండాల్సింది మూడు, ఉన్నది మూడు వేలు. ఒకదాని మీద ఒకటి రెండు జతలు పెట్టుకున్నా, ఒక్కోటీ పదో వంతే వదిలేదనుకున్నా, వెయ్యి పాళ్లు కంట్లో పడతాయి. ఎంత ఖరీదైనవైనా, పోలరాయిడ్ అయినా ఇదే లెక్క.

నీళ్లలో నీడ చూడటం ఇంకో పాత చిట్కా. గ్రహణం చూసి కళ్లు పాడుచేసుకునేవాళ్ల గురించి, నీళ్లలో ప్రతిబింబం చూడాలన్న జాగ్రత్త గురించి సోక్రటీసు అన్నట్టుగా ప్లేటో రాసిపెట్టాడు, అంత పాతది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి పైతలం సుమారు 2 శాతం వెలుగును తిప్పికొడుతుంది. తక్కువే అనిపిస్తుంది కానీ అది లక్షకు రెండు వేలు, హద్దు కంటే ఆరు వందల రెట్లు ఎక్కువ. సూర్యుడు కిందికి దిగేకొద్దీ నీళ్లు ఇంకా ఎక్కువ తిప్పికొడతాయి. అద్దంలో చూడటం గురించైతే చెప్పక్కర్లేదు, వెలుగు దాదాపు మొత్తం తిరిగొస్తుంది. ఐజాక్ న్యూటన్ అంతటివాడు కుర్రతనంలో అద్దంలో సూర్యుడి ప్రతిబింబాన్ని చూసి, ఎటు చూసినా సూర్యుడే కళ్లముందు కదులుతుంటే తట్టుకోలేక చీకటి గదిలో మూడు రోజులు ఉండిపోయాడు. ఆ సంగతి 1691లో తత్వవేత్త జాన్ లాక్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు.

వెల్డింగ్ అద్దాల సంగతి కొంచెం వేరు. వాటిలో నిజంగా పనికొచ్చేవి ఉన్నాయి, కాకపోతే నంబరు చూడాలి. వెల్డింగ్ పనికి బాగా వాడే 10వ నంబరు అద్దం లక్షకు సుమారు పద్నాలుగు పాళ్లు వదులుతుంది, చాలదు. 12వ నంబరు రెండు పాళ్లు వదులుతుంది, సరిపోతుంది. 14 ఇంకా ముదురు, దాంతో చూస్తే సూర్యుడు ఆకుపచ్చగా, హాయిగా కనిపిస్తాడు. నంబరు చెరిగిపోయినా, ఎంతో తెలియకపోయినా వాడకండి. వెల్డింగ్ మెరుపు పడినప్పుడు తనంతట తానే నల్లబడే రకం హెల్మెట్‌లతో కూడా సూర్యుడిని చూడకూడదు.

ఇక ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు, సీడీలు, పాత కలర్ నెగెటివ్‌లు. వీటిని లక్షకు ఇన్ని అని కొలవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఒక చోట ఉన్న ముదురు పక్క చోట ఉండదు. మసి ఒక మూల దట్టంగా, ఇంకో మూల పలచగా ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముక పడిన చోటు ఒక రకం, ఖాళీ చోటు ఇంకో రకం. పైగా వీటిలో చాలా వాటికి ఇంకో దుర్గుణం ఉంది, కనిపించే వెలుగును ఆపి పరారుణ కిరణాలను వదిలేస్తాయి. సూర్యుడు మసగ్గా, కంటికి సుఖంగా కనిపిస్తాడు కాబట్టి ఇంకా ఎక్కువసేపు చూస్తారు. ఏ రక్షణా లేకుండా చూసేవాడికి కనీసం కళ్లు జిగేల్మంటాయి, తిప్పుకుంటాడు. అరకొర రక్షణతో చూసేవాడికి ఆ హెచ్చరిక కూడా అందదు.

పలచటి మబ్బు కూడా ఇదే కోవలోకి వస్తుంది. మబ్బు చాటున సూర్యుడు చంద్రుడిలా తెల్లటి బిళ్లలాగా కనిపిస్తే చూడాలనిపిస్తుంది. మబ్బు మందం క్షణక్షణానికీ మారుతుంది, దాన్ని నమ్మకండి.

కళ్లద్దాలు తెప్పించుకున్నాక

అట్ట ఫ్రేములో నల్లటి ఫిల్ము ఉండే గ్రహణం కళ్లద్దాలు తేలికైన మార్గం, చవకైనది కూడా. ఇబ్బంది ఏమిటంటే దాని మీద ఐఎస్ఓ నంబరు అచ్చు వేయడం ఎవరికైనా సాధ్యమే. 2017లోనూ, 2024 ఏప్రిల్ 8 గ్రహణానికి ముందూ అమెరికాలో నకిలీవి మార్కెట్లోకి వచ్చాయి. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ తాము సరిచూసిన తయారీదార్ల, అమ్మకందార్ల జాబితాను ప్రచురించడం మొదలుపెట్టింది అందుకే. ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, ఖగోళ సంఘం లాంటి చోట్ల నుంచి తీసుకోవడం మేలు. గ్రహణం నాలుగు రోజుల్లో ఉందనగా తొందరపడి దొరికింది కొనుక్కునే పరిస్థితే నకిలీలకు బలం, కాబట్టి నెల ముందే తెప్పించుకోండి.

చేతికి వచ్చాక ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. పెట్టుకుని గదిలో చుట్టూ చూడండి, కుర్చీ, కిటికీ, గోడ ఏదీ కనిపించకూడదు. బాగా ప్రకాశవంతమైన ఎల్ఈడీ బల్బు దగ్గర నుంచి చూస్తే మసగ్గా చిన్న మెరుపు కనిపిస్తే కనిపించొచ్చు, అంతకుమించి కాదు. తర్వాత ఫిల్మును బల్బుకు అడ్డంగా పట్టి గీతలు, సూదిమొన బెజ్జాలు, అంచుల దగ్గర అట్ట నుంచి ఊడిపోవడం ఉన్నాయేమో వెతకండి. ఒక్క బెజ్జం ఉన్నా పారేయండి, దానికి టేపు అతికించి వాడొద్దు. చివరగా అవి పెట్టుకుని సూర్యుడి వంక ఒక్క క్షణం చూస్తే గుండ్రటి బిళ్ల నిండు చంద్రుడంత సౌమ్యంగా, అంచు స్పష్టంగా, చుట్టూ నల్లగా కనిపించాలి. నల్లటి పాలిమర్ ఫిల్ములో నారింజ రంగులో, అల్యూమినియం పూత ఉన్నదాంట్లో నీలం కలిసిన తెలుపులో ఉంటుంది, రెండూ సరే. కళ్లు చికిలించాల్సి వచ్చినా, సూర్యుడి చుట్టూ పొగలా వెలుగు కనిపించినా అది పనికిరానిది. ఈ ఇంటి పరీక్షలతో పట్టుబడేది నాసిరకం మాత్రమే, కంటికి కనపడని కిరణాలను ఇవి కొలవలేవు. అందుకే కొన్న చోటు ముఖ్యం.

ఇంట్లో పాత గ్రహణం నాటివి ఉంటే? ప్రమాణానికి తగ్గట్టు చేసినవైతే, గీతలు మడతలు లేకపోతే మళ్లీ వాడొచ్చు. కాలం తీరిపోతుందన్న మాట ఈ ప్రమాణం రాకముందు తయారైన వాటికి వర్తించేది.

వాడే పద్ధతి చిన్నదే కానీ తడబడేది అక్కడే. తల దించి ఉండగానే కళ్లద్దాలు పెట్టుకోవాలి, తర్వాత తల ఎత్తాలి. చూడటం అయ్యాక ముందు తల దించాలి, తర్వాతే తీయాలి. ఉత్సాహంలో ఈ వరస తారుమారవుతుంది. చూపు అద్దాలు ఉన్నవాళ్లు అవి తీయకుండానే వాటి మీద గ్రహణం అద్దాలు పెట్టుకోవాలి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు అట్ట ఫ్రేము జారిపోతుంది, కింద నుంచీ పక్క నుంచీ చూసేస్తారు. పేపర్ ప్లేటు మధ్యలో రంధ్రం కోసి ఆ ఫ్రేమును దానికి అతికించి ముఖానికి అడ్డంగా పట్టుకునేలా చేస్తే చాలా మేలు. పిల్లల విషయంలో పట్టుదల ఎందుకంటే వాళ్ల కంటి కటకం పెద్దవాళ్ల కటకం కంటే స్వచ్ఛంగా ఉంటుంది, నీలి వెలుగు, అతినీలలోహితం ఎక్కువగా రెటీనా దాకా చేరతాయి. పక్కన ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి, ఆ మనిషి చూపు ఆకాశం మీద కాకుండా పిల్లల మీద ఉండాలి.

ఆకాశం వంక చూడకుండానే చూడటం

కళ్లద్దాలు దొరకలేదని గ్రహణం వదులుకోవాల్సిన పని లేదు. అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టండి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి, బెజ్జం గుండా వచ్చే వెలుగును నీడలో ఉన్న తెల్ల కాగితం మీద పడనివ్వండి. అక్కడ కనిపించేది బెజ్జం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ, తలకిందులుగా. పదకొండో శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ అనే శాస్త్రవేత్త రంధ్రం గుండా పడే గ్రహణ సూర్యుడి నెలవంక బొమ్మ ఎందుకు అలా ఏర్పడుతుందో లెక్కలు కట్టి వివరించాడు.

ఇందులో నిరాశ ఎక్కడొస్తుందంటే బొమ్మ సైజు దగ్గర. బెజ్జానికీ కాగితానికీ మధ్య దూరాన్ని సుమారు 108తో భాగిస్తే వచ్చేదే బొమ్మ వెడల్పు. మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లు. చెప్పుల డబ్బాతో చేసిన పెట్టెలో మూడు మిల్లీమీటర్ల చుక్క పడుతుంది, అందులో నెలవంక వెతుక్కోవాలి. పొడవాటి అట్టపెట్టె తీసుకోండి, లేదా రెండు మీటర్ల దూరం పెట్టండి. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది. చిన్న అద్దాన్ని కాగితంతో కప్పి, ఆ కాగితంలో అర సెంటీమీటరు రంధ్రం కోసి, సూర్యకాంతిని ఇరవై మీటర్ల దూరంలో నీడగా ఉన్న గోడ మీదికి కొట్టించండి. జానెడు వెడల్పు సూర్యుడు గోడ మీద కనిపిస్తాడు, పది మంది ఒకేసారి చూడొచ్చు. ఎవరూ అద్దంలోకి తొంగిచూడకుండా మాత్రం కాపలా ఉండాలి.

అసలు ఏ ఏర్పాటూ లేకపోతే చెట్టు కిందికి వెళ్లండి. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ ఆ రోజు నెలవంకలైపోతాయి. జల్లెడ పట్టుకున్నా, రెండు చేతుల వేళ్లు అడ్డంగా పెనవేసినా అంతే. చాలామంది చేసే ఒక ఘోరమైన పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి: బెజ్జం గుండా కన్ను పెట్టి సూర్యుడిని చూడకూడదు. బెజ్జం ఫిల్టర్ కాదు.

కటకాలున్న ఏ పరికరమైనా

50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ కటకం, ఎండలో ముడుచుకున్న కనుపాప కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూస్తే ఆ పోగైన వేడికి ఫిల్ము క్షణాల్లో కాలిపోతుంది, వెంటనే కన్ను. లక్షకు మూడు అన్న హద్దు ఉత్త కంటికి చెప్పినది, కటకం వెనక ఉన్న కంటికి కాదు. ఫిల్టర్ ఎప్పుడూ పరికరానికి ముందు, సూర్యుడి వైపు ఉండాలి. గాలికి ఊడకుండా టేపు వేయాలి. కొన్ని పాత టెలిస్కోపులతో వచ్చే, ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే చిన్న సూర్య ఫిల్టర్‌ను బయట పడేయండి, అది వేడికి పగులుతుంది. టెలిస్కోప్ పక్కన గురిపెట్టడానికి ఉండే చిన్న ఫైండర్‌కు కూడా మూత పెట్టడం మర్చిపోవద్దు.

ఫోన్ సంగతి: దాని స్క్రీన్‌లో చూడటం కంటికి హాని చేయదు, కానీ సూర్యుడిని ఫ్రేములో పట్టే ప్రయత్నంలో పక్క నుంచి చూపు నేరుగా పైకి పోతుంది. లెన్సు ముందు ఒక జత గ్రహణం కళ్లద్దాలు అడ్డం పెడితే సెన్సర్‌కూ భద్రం. అయినా ఫోన్‌లో వచ్చే సూర్యుడు చిన్న చుక్కే. మొదటిసారి సంపూర్ణ గ్రహణం చూసేవాళ్లు ఫొటోల ఆశ వదిలేయడమే మంచిది. ఫోన్‌ను వెనకాల ఎక్కడో నిలబెట్టి, చూస్తున్న మనుషుల వీడియో, వాళ్ల మాటలు రికార్డు చేసుకోండి, తర్వాత అదే విలువైన జ్ఞాపకం అవుతుంది.

మీరున్న చోట ఏ గ్రహణం

ఒకే గ్రహణం వేర్వేరు ఊళ్లలో వేర్వేరుగా ఉంటుంది. సంపూర్ణ గ్రహణం కనిపించే దారి సాధారణంగా రెండు మూడు వందల కిలోమీటర్ల వెడల్పుకు మించదు, దానికి అటూ ఇటూ వేల కిలోమీటర్ల మేర పాక్షికమే. 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ గ్రహణం దారి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, ఉత్తర స్పెయిన్ మీదుగా ఉంది, మాడ్రిడ్, బార్సిలోనా రెండూ ఆ దారికి కాస్త బయట పడ్డాయి. 2027 ఆగస్టు 2 నాటిది దక్షిణ స్పెయిన్ నుంచి ఉత్తర ఆఫ్రికా, ఈజిప్టు మీదుగా అరేబియా వైపు వెళ్తుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా చీకటి. భూమ్మీద ఒకే చోట సంపూర్ణ గ్రహణం రావాలంటే సగటున సుమారు 375 ఏళ్లు పడుతుంది. కాబట్టి దారి అంచున ఉన్నవాళ్లు "ఇక్కడ 99 శాతం ఉందిలే" అని ఆగిపోతే చాలా పోగొట్టుకున్నట్టే. సూర్యుడు నిండు చంద్రుడి కంటే సుమారు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతం, అందులో ఒక్క శాతం మిగిలినా నాలుగు వేల నిండు చంద్రులంత వెలుగు. ఆ 99 శాతంలో చీకటి పడదు, కళ్లద్దాలు తీయడానికీ లేదు.

వలయ గ్రహణంలో చంద్రుడు కాస్త దూరంగా, చిన్నగా ఉండి సూర్యుడి చుట్టూ ఉంగరం మిగులుతుంది. ఆ ఉంగరం కూడా సూర్యుడే. మొదటి నుంచి చివరి దాకా కళ్లద్దాలు తీయకూడదు, పాక్షిక గ్రహణంలోనూ అంతే. తీయడానికి అనుమతి ఉన్నది ఒక్క సంపూర్ణ గ్రహణంలో, దారి లోపల, సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలే. ఎంత గొప్ప గ్రహణమైనా ఆ వ్యవధి ఏడున్నర నిమిషాలు దాటదు, చాలావాటిలో రెండు నుంచి నాలుగు.

ఆ నిమిషాలు

మీ ఊరికి సంబంధించిన నాలుగు సమయాలు ముందే కాగితం మీద రాసుకోండి: చంద్రుడు సూర్యుడిని తాకే క్షణం, పూర్తిగా మూసే క్షణం, మళ్లీ వెలుగు మొదలయ్యే క్షణం, విడిచిపెట్టే క్షణం. రెండో మూడో సమయాలు పది కిలోమీటర్లు జరిగితే కూడా మారతాయి, కాబట్టి పక్క నగరం లెక్క వాడొద్దు. గుంపులో ఒకరిని గడియారం మనిషిగా పెట్టుకోండి.

పూర్తిగా మూసుకునే ముందు చివరి నెలవంక ముత్యాల్లా తెగిపోతుంది. చంద్రుడి కొండల మధ్య లోయల్లోంచి వచ్చే వెలుగు అది, 1836లో దాన్ని వర్ణించిన ఫ్రాన్సిస్ బెయిలీ పేరుతో బెయిలీ ముత్యాలు అంటారు. వాటిలో చివరిది ఉంగరంలో వజ్రంలా మెరిసి ఆరిపోతుంది. అది ఆరాక, కళ్లద్దాల్లో ఇంకేమీ కనిపించనప్పుడు, అప్పుడు తీయండి. తీయాలి కూడా. నల్లటి బిళ్ల చుట్టూ కనిపించే తెల్లటి కరోనా (సూర్యుడి బయటి పలచటి వాతావరణం) వెలుగు సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతుల్లో ఒక వంతు, ఇంచుమించు నిండు చంద్రుడి స్థాయి. ఫిల్టర్లు వదిలే లక్షకు మూడు కంటే కూడా అది తక్కువ. అందుకే ఉత్త కళ్లతో చూడొచ్చు, అందుకే కళ్లద్దాల్లోంచి చూస్తే ఏమీ కనపడదు. భయంతో ఆ రెండు నిమిషాలూ కళ్లద్దాలు తీయకుండా ఉండిపోయినవాళ్లు అంత దూరం ప్రయాణం చేసి చీకటి ఫిల్మును చూసి తిరిగొచ్చినట్టే. అసలు జాగ్రత్త పడాల్సింది ముగింపులో. బిళ్లకు ఒక పక్క గులాబీ రంగు అంచు కనిపించి, ఆ వైపు తెల్లబడుతోందంటే సూర్యుడు తిరిగి వస్తున్నాడని అర్థం. చీకట్లో విచ్చుకున్న కనుపాపతో ఆ మొదటి మెరుపును చూడకూడదు. గడియారం మనిషి పది సెకన్ల ముందే కేక వేయాలి, ఆ కేక వినగానే తల దించి, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ ఎత్తాలి.

చూసి వచ్చిన మర్నాడు పొద్దున ఒక కన్ను మూసి ఏదైనా పుస్తకంలో ఒక వాక్యం చదవండి, తర్వాత రెండో కన్నుతో. పిల్లల చేత కూడా చదివించండి, ఒక కంట్లో లోపం ఉంటే రెండోది దాన్ని కప్పేస్తుంది కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పలేరు. చూస్తున్న అక్షరం దగ్గరే మచ్చ ఉన్నా, గీతలు వంకరగా కనిపించినా, రంగులు వెలిసినట్టు ఉన్నా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎప్పుడు చూశారో, దేనితో చూశారో, సుమారు ఎన్ని సెకన్లో దాచకుండా చెప్పండి. ఓసీటీ స్కాన్‌లో రెటీనా పొరలు చూసి దెబ్బ ఎంత ఉందో వాళ్లు చెప్పగలరు, కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మని అడుగుతారు.